బ్యాటరీకి రోజూ పని దొరుకుతుందా?

అమెరికాలో కొత్త కారు కిటికీ అద్దానికి అతికించే కాగితం మీద ప్లగిన్ హైబ్రిడ్‌కు రెండు మైలేజీలు రాసి ఉంటాయి. టయోటా రావ్-4 ప్లగిన్ హైబ్రిడ్‌నే తీసుకుంటే, 2025 మోడల్‌కు ఒకటి 94, రెండోది 38. మొదటిది కరెంటు మీద నడిచినప్పటి లెక్క. ఒక గాలన్ పెట్రోలులోని శక్తి 33.7 యూనిట్ల కరెంటుకు సమానం కాబట్టి, అంత కరెంటుతో బండి ఎన్ని మైళ్లు పోతుందో అది చెబుతుంది. రెండోది బ్యాటరీ ఖాళీ అయ్యాక పెట్రోలుతో నడిచే లెక్క. కొనేవాళ్ల చూపు 94 దగ్గరే ఆగిపోతుంది. పక్కనే నిలబడిన 2025 మోడల్ మామూలు పెట్రోలు రావ్-4 కాగితం మీద 30 అని ఉండేది. అంటే ప్లగిన్ మూడు రెట్లు మేలైన బండి అనిపిస్తుంది. ధర మాత్రం పెట్రోలు బండికి 29 వేల డాలర్ల దరిదాపుల్లో మొదలైతే, ప్లగిన్‌కు 44 వేలు దాటేది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఒక తెలుగు కుటుంబం ఈ రెండు బండ్ల మధ్య నిలబడి అడిగే ప్రశ్న ఒక్కటే: పైన పెట్టే 15 వేలు తిరిగొస్తాయా? దీనికి జవాబు బండిని ఎంత పరిశీలించినా దొరకదు. ఆ 94, 38లలో మన అనుభవంలోకి వచ్చే అంకె ఏదో తేల్చేది మన ఇంటి ముందున్న సాకెట్, మనం రోజూ తిరిగే దూరం. ప్లగిన్ హైబ్రిడ్‌కు అదనంగా పెట్టే డబ్బు ప్రధానంగా దాని పెద్ద బ్యాటరీ కోసమే. ఆ బ్యాటరీకి రోజూ పని ఉంటేనే దానికి పెట్టిన డబ్బుకు అర్థం ఉంటుంది.

బ్యాటరీకి పని అంటే ఏమిటో తెలియాలంటే ముందు పెట్రోలు ఇంజన్ బలహీనత తెలియాలి. ఇంజన్ తన ఉత్తమ స్థితిలో, అంటే ఒక స్థాయి వేగంతో తగినంత బరువు లాగుతున్నప్పుడు, పెట్రోలులోని శక్తిలో 40 శాతం దాకా కదలికగా మార్చగలదు. ఊళ్లో ట్రాఫిక్‌లో ఆ స్థితి దాదాపు రాదు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు పెట్రోలు ఊరికే కాలుతుంది. మెల్లగా పాకుతున్నప్పుడు ఇంజన్ సగం మూసిన గొంతుతో గాలి పీల్చుకోవడానికే శక్తి ఖర్చు చేస్తుంది. అంత కష్టపడి తెచ్చుకున్న వేగాన్ని బ్రేకు నొక్కిన ప్రతిసారీ వేడిగా మార్చి గాలిలో కలిపేస్తాం. మామూలు హైబ్రిడ్ ఈ మూడు నష్టాలనూ తగ్గిస్తుంది. ఆగినప్పుడు ఇంజన్ ఆరిపోతుంది, మెల్లగా పోవాల్సిన చోట మోటారు లాగుతుంది, బ్రేకు వేసినప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి వేగాన్ని కరెంటుగా బ్యాటరీలోకి పంపుతుంది. ఇంజన్ తనకు సులువైన పరిస్థితుల్లోనే పని చేస్తుంది. ఇంత చేయడానికి 2025 దాకా వచ్చిన రావ్-4 హైబ్రిడ్‌లో ఉన్న బ్యాటరీ సామర్థ్యం సుమారు 1.6 యూనిట్లు మాత్రమే. అంత చిన్న బ్యాటరీతోనే మైలేజీ 30 నుంచి 39కి పెరిగింది.

ఆ చిన్న బ్యాటరీ అంత పని ఎలా చేస్తోంది? ఒక ప్రయాణంలోనే అది ఎన్నోసార్లు నిండుతుంది, ఎన్నోసార్లు ఖాళీ అవుతుంది. ప్రతి సిగ్నల్, ప్రతి పల్లం, ప్రతి బ్రేకు దానికి ఆదాయమే. ప్లగిన్‌లో ఉన్న బ్యాటరీ 18.1 యూనిట్లది, మామూలు హైబ్రిడ్ బ్యాటరీకి పదకొండు రెట్లు. అది పూర్తిగా నిండేది రోజుకు ఒకసారి, అదీ రాత్రి మనం తీగ తగిలిస్తేనే. నిండితే 42 మైళ్లు, అంటే 68 కిలోమీటర్లు, పెట్రోలు చుక్క తాగకుండా పోవచ్చు. తగిలించకపోతే ఆ బండి మామూలు హైబ్రిడ్ లాగే నడుస్తుంది, కాకపోతే రెండు క్వింటాళ్లకు పైగా అదనపు బరువు మోస్తూ నడుస్తుంది. పెట్రోలు మీద దాని మైలేజీ 38కి తగ్గడానికి ఈ బరువూ ఒక కారణం. కాబట్టి బ్యాటరీ పెద్దదయ్యే కొద్దీ ఒక్కో యూనిట్ సామర్థ్యం తెచ్చే లాభం తగ్గుతూ పోతుంది. మొదటి యూనిట్ పగలంతా కూలికి వెళ్లే మనిషి, పద్దెనిమిదో యూనిట్ ఎప్పుడో సుదూరం పోయిన రోజు మాత్రమే పిలుపు వచ్చే మనిషి. కొనేటప్పుడు ఇద్దరికీ ఒకే జీతం ఇవ్వాలి.

ఇప్పుడు డబ్బు లెక్కకు వద్దాం. పెట్రోలు గాలన్ 3 డాలర్ల 20 సెంట్లు, కరెంటు యూనిట్ 17 సెంట్లు, ఏడాదికి 12 వేల మైళ్ల తిరుగుడు అనుకుందాం. 2025 నాటి అమెరికా సగటుకు ఇవి దూరమైన అంకెలు కావు. మామూలు పెట్రోలు రావ్-4కు ఏడాదికి 1,280 డాలర్ల ఇంధనం పడుతుంది. హైబ్రిడ్‌కు 985. ప్లగిన్‌ను శ్రద్ధగా చార్జ్ చేసి, పది మైళ్లలో ఏడు కరెంటు మీదే నడిపితే, కరెంటుకు 514, మిగిలిన దూరానికి పెట్రోలు 303, మొత్తం 817 డాలర్లు. పెట్రోలు బండితో పోలిస్తే మిగులు ఏడాదికి 463 డాలర్లు. పదిహేను వేల తేడాను ఈ మిగులుతో పూడ్చాలంటే ముప్పై రెండేళ్లు పడుతుంది. ఆ తేడా మొత్తాన్ని ఐదేళ్ల అప్పు మీద, 7 శాతం వడ్డీకి తీసుకుంటే వడ్డీ ఒక్కటే 2,800 డాలర్లు దాటుతుంది, అంటే సగటున ఏడాదికి 560. మిగిలే ఇంధనం ఖర్చు కంటే కట్టే వడ్డీ ఎక్కువ. అసలు సంగతి దేవుడెరుగు, వడ్డీ కూడా రాదు.

ఈ లెక్కలో అన్యాయం ఉందని ఒకరు అనవచ్చు, అందులో నిజం ఉంది. 29 వేల బండి అన్నిటికంటే తక్కువ హంగులున్నది, ముందు చక్రాలతోనే లాగేది. 44 వేల బండికి నాలుగు చక్రాల చోదన ఉంది, లోపల సౌకర్యాలు ఎక్కువ, 302 అశ్వశక్తి ఉంది. పెట్రోలు బండి శక్తి 203 మాత్రమే. అందుచేత ఒకే స్థాయి హంగులున్న హైబ్రిడ్‌ను పక్కన పెట్టి చూడాలి. అప్పుడు ధర తేడా సుమారు 9 వేలకు దిగుతుంది. అయితే మిగులు కూడా దిగుతుంది. హైబ్రిడ్ 985, ప్లగిన్ 817, అంటే ఏడాదికి 168 డాలర్లే. యాభై ఏళ్లు దాటినా తేడా తీరదు. ఈ పోలికలో తేలేది ఏమిటంటే పొదుపులో పెద్ద వాటా చిన్న బ్యాటరీ హైబ్రిడ్ అప్పటికే తీసేసుకుంది. అన్నిటి కంటే తక్కువ హంగులున్న హైబ్రిడ్ రావ్-4 సుమారు 32 వేల నుంచి మొదలయ్యేది, నాలుగు చక్రాల చోదన అందులోనే కలిసి ఉండేది. పెట్రోలు బండి కంటే పైన పెట్టిన మూడు వేలను ఏడాదికి 295 డాలర్ల చొప్పున అది పదేళ్లలో తిరిగి ఇస్తుంది. మార్కెట్లో గెలిచింది ఈ మధ్య దారే. 2026 మోడల్ నుంచి టయోటా అమెరికాలో పెట్రోలుతో మాత్రమే నడిచే రావ్-4ను మానేసింది. ఇప్పుడు ఉన్నవి హైబ్రిడ్, ప్లగిన్ రెండే.

పెట్రోలు ధర ఇలాగే ఉంటుందా అన్నది రెండో అభ్యంతరం. గాలన్ 5 డాలర్లు అయిందనుకుందాం. అప్పుడు పెట్రోలు బండికి ఏడాదికి 2,000, హైబ్రిడ్‌కు దాదాపు 1,540, ప్లగిన్‌కు సుమారు 990 డాలర్లు అవుతుంది. పెట్రోలు బండి మీద మిగులు వెయ్యి దాటుతుంది, తేడా పదిహేనేళ్లలో తీరుతుంది. బండిని అంతకాలం ఉంచుకునేవాళ్లకు ఇది ఆలోచించదగ్గ లెక్కే. కానీ పెట్రోలు ధర బాగా ఎక్కువగా ఉండే కాలిఫోర్నియానే చూడండి. అక్కడ ఇళ్లకు వచ్చే కరెంటు సగటు ధర కూడా యూనిట్ 30 సెంట్లు దాటింది. ఇక్కడ గుర్తుంచుకోదగ్గ సూత్రం ఒకటి ఉంది. ఈ ప్లగిన్ కరెంటు మీద వంద మైళ్లకు 36 యూనిట్లు తాగుతుంది. హైబ్రిడ్ ఒక గాలన్‌తో పోయే 39 మైళ్ల దూరానికి దీనికి 14 యూనిట్లు కావాలి. మీ ఊళ్లో 14 యూనిట్ల కరెంటు ఒక గాలన్ పెట్రోలు కంటే ఎంత చవకో, కరెంటు మైలులో లాభం అంత. సగటు అమెరికన్ ధరల్లో 14 యూనిట్లు 2 డాలర్ల 38 సెంట్లు, గాలన్ 3.20. కాలిఫోర్నియాలో యూనిట్ 32 సెంట్లు, గాలన్ 4.60 అయితే రెండూ దాదాపు సమానం. అక్కడ పగలు ఇంటి పైకప్పు మీది సోలార్ పలకలతోనో, రాత్రిపూట రాయితీ ధరతోనో చార్జ్ చేయగలిగితే తప్ప ప్లగిన్ పర్సుకు చేసే మేలు లేదు.

ఇంతవరకూ యజమాని క్రమం తప్పకుండా చార్జ్ చేస్తాడనే అనుకున్నాం. నిజ జీవితంలో ఏం జరుగుతోందో యూరప్ చూపించింది. అక్కడ 2021 నుంచి వచ్చిన కొత్త కార్లు తాము తాగిన ఇంధనం లెక్కను తమలోనే నమోదు చేసుకోవాలి. ఆ వివరాలను సేకరించి యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. మామూలు పెట్రోలు కార్లు ప్రయోగశాల లెక్క కంటే దాదాపు 24 శాతం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయి. ప్లగిన్ హైబ్రిడ్లు వదులుతున్నది ప్రయోగశాల లెక్కకు మూడున్నర రెట్లు. మోసం చేసే యంత్రం ఎక్కడా లేదు. బ్యాటరీ మీద ఎంత దూరం నడుస్తారో పరీక్షలో ఊహించిన వాటా ఎక్కువ, జనం నడిపినది తక్కువ. అంతకు రెండేళ్ల ముందే, 2022లో, అంతర్జాతీయ స్వచ్ఛ రవాణా మండలి, జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ సంస్థ కలిసి చేసిన అధ్యయనం కారణాన్ని ఇంకా స్పష్టంగా పట్టి చూపింది. సొంత డబ్బుతో కొన్నవాళ్లు దూరంలో 45 నుంచి 49 శాతం కరెంటు మీద నడిపారు. కంపెనీ ఇచ్చిన కార్లలో ఆ వాటా 11 నుంచి 15 శాతమే. బండి ఒకటే, బ్యాటరీ ఒకటే. పెట్రోలు బిల్లు కంపెనీ కడుతున్నప్పుడు, ఇంటి కరెంటు బిల్లు తానే కట్టాల్సిన మనిషికి రాత్రిపూట తీగ తగిలించాలన్న తొందర ఉండదు. అమెరికా విషయంలోనూ అదే మండలి అదే ఏడాది చూసింది. అక్కడి లేబుళ్లు ఊహించిన దానికంటే కరెంటు వాటా 26 నుంచి 56 శాతం తక్కువని తేల్చింది. పైన మనం వేసిన లెక్కలో పదింట ఏడు బదులు పదింట రెండు మైళ్లే కరెంటు మీద నడిస్తే, ప్లగిన్ ఏడాది ఖర్చు 955 డాలర్లకు చేరుతుంది. హైబ్రిడ్ 985తో పోలిస్తే మిగిలేది 30 డాలర్లు.

డబ్బు సంగతి సరే, వాతావరణానికి చేసే మేలుకు వెల కట్టకూడదా అన్నది మూడో ప్రశ్న. ఇది అన్నిటికంటే బరువైన ప్రశ్న, దీనికి కూడా లెక్కతోనే జవాబు చెప్పాలి. గాలన్ పెట్రోలు కాలితే 8.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ ప్రకారం పెట్రోలు రావ్-4 కిలోమీటరుకు సుమారు 184 గ్రాములు, హైబ్రిడ్ 142 గ్రాములు వదులుతాయి. ప్లగిన్ కరెంటు మీద నడిచినప్పుడు పొగ గొట్టం నుంచి ఏమీ రాదు, కరెంటు తయారైన చోట వస్తుంది. అమెరికాలో యూనిట్ కరెంటుకు సగటున 0.4 కిలోల లోపే వెలువడుతుంది కాబట్టి, కిలోమీటరుకు సుమారు 85 గ్రాములు. హైబ్రిడ్ కంటే 57 గ్రాములు మేలు. పెద్ద బ్యాటరీ తయారీలోనూ కాలుష్యం ఉంది. ఒక్కో యూనిట్ సామర్థ్యానికి 60 నుంచి 100 కిలోలని సాధారణంగా లెక్కవేస్తారు. 18 యూనిట్లకు టన్ను నుంచి రెండు టన్నుల మధ్య. ఆ రుణం తీరాలంటే కరెంటు మీద సుమారు పాతిక వేల కిలోమీటర్లు నడవాలి. శ్రద్ధగా చార్జ్ చేసేవాళ్లు రెండేళ్లలో తీర్చేస్తారు, ఆ తర్వాత ప్రతి కిలోమీటరూ భూమికి మిగులే. పదింట రెండు మైళ్లే కరెంటు మీద నడిపేవాళ్లకు ఏడేళ్లు పట్టవచ్చు. అమెరికాలో ప్లగిన్ సమర్థన బలంగా నిలిచేది ఇక్కడే. పర్సుకు నష్టమైనా వాతావరణానికి నిజమైన లాభం ఉంది, రోజూ చార్జ్ చేస్తేనే.

ఇదే బండిని హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చి లెక్కవేస్తే ఫలితం తలకిందులవుతుంది. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుందాం. తెలంగాణలో ఇళ్ల కరెంటు పై శ్లాబుల్లో యూనిట్ 9 నుంచి 10 రూపాయలు. హైబ్రిడ్ లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తే, ఆ దూరానికి ప్లగిన్‌కు నాలుగున్నర యూనిట్లు చాలు, ఖర్చు 45 రూపాయల లోపే. సగానికి సగం పైగా ఆదా. మన దగ్గర కరెంటు కిలోమీటరు పర్సుకు చేసే మేలు అమెరికాలో కంటే చాలా ఎక్కువ. కానీ దేశంలో కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం యూనిట్‌కు సగటున 0.7 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన ఈ బరువైన బండి కరెంటు మీద నడిచినా కిలోమీటరుకు 160 గ్రాములు దాటుతుంది. పెట్రోలు తవ్వి, శుద్ధి చేసి తేవడంలో వెలువడేదాన్ని హైబ్రిడ్ 142 గ్రాములకు కలిపితే రెండూ ఇంచుమించు సమానం. అమెరికాలో వాతావరణానికి లాభం, పర్సుకు కాదు. మన దగ్గర పర్సుకు లాభం, వాతావరణానికి ఇప్పటికైతే కాదు. బండి ఒక్కటే అయినా కరెంటు ఎక్కడిదో, ఎంతకు వస్తోందో దాన్ని బట్టి దాని గుణం మారిపోతోంది.

మన మార్కెట్లో ఈ ప్రశ్న ఇంకా పూర్తిగా ఎదురుకాలేదు, దానికి కారణం పన్ను. ఇక్కడ ప్లగిన్ హైబ్రిడ్లు ఎక్కువగా విలాసవంతమైన బ్రాండ్ల ఖరీదైన కార్లలోనే కనిపిస్తాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలైన జీఎస్‌టీ శ్లాబుల్లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న చిన్న ఎస్‌యూవీలకు 18 శాతం, వాటిని మించిన పెట్రోలు కార్లకూ హైబ్రిడ్లకూ 40 శాతం, పూర్తి విద్యుత్ కార్లకు 5 శాతం. అందువల్ల తెలుగు రాష్ట్రాల్లో కొనేవాళ్ల ముందున్న అసలు పోటీ చవక కాంపాక్ట్ ఎస్‌యూవీకీ మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్‌కూ మధ్య. ఈ రెండు హైబ్రిడ్లకు కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. నగరంలో 20 వచ్చినా, చిన్న టర్బో ఎస్‌యూవీ 14 ఇస్తుందనుకుంటే, కిలోమీటరుకు 2 రూపాయల 30 పైసలు మిగులుతాయి. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి అది 27 వేల రూపాయల చిల్లర. రెండు బండ్ల మధ్య ధర తేడా ఐదు లక్షలు అనుకుంటే, అది తీరాలంటే పద్దెనిమిదేళ్లు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగి ఏడాదికి 30 వేలు దాటించేవాళ్లకు ఏడేళ్లలో తీరుతుంది. ఇక్కడా బ్యాటరీకి ఎంత పని ఉందన్నదే తీర్పు చెబుతోంది.

సాకెట్ ఉంది, రోజువారీ దూరం తక్కువ, అలాంటప్పుడు ఇంజన్ ఎందుకు, పూర్తి విద్యుత్ కారే కొనవచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ప్లగిన్‌కు ఇది అన్నిటికంటే గట్టి సవాలు. ఇంట్లో రెండో కారు ఉన్నవాళ్లకు ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. రెండు రకాల యంత్రాలను ఒకే బండిలో మోయడం కంటే ఒక్కోదాన్ని ఒక్కో బండిలో ఉంచుకోవడం తేలిక. ప్లగిన్‌కు మిగిలే సరైన చోటు చిన్నదే: ఇంట్లో ఒక్కటే కారు, సొంత పార్కింగ్‌లో సాకెట్, రోజూ అరవై కిలోమీటర్ల లోపు ప్రయాణం, నెలకోసారి చార్జర్లు దొరకని దారిలో దూర ప్రయాణం. అమెరికాలో ఎముకలు కొరికే చలి ఉండే రాష్ట్రాల్లో మరో జాగ్రత్త కావాలి. కొన్ని ప్లగిన్ మోడళ్లలో హీటర్ వేస్తే చాలు, బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజన్ మొదలవుతుంది. మిషిగన్ చలికాలంలో అలాంటి బండి కరెంటు మైళ్లు కాగితం మీదే మిగులుతాయి. అమెరికాలో కొన్ని మోడళ్లకు వర్తించిన 7,500 డాలర్ల కేంద్ర పన్ను రాయితీ కూడా 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది. రాయితీ ఉన్న రోజుల్లో వేసిన పాత లెక్కలను ఇప్పుడు నమ్ముకుని షోరూమ్‌కు వెళ్లకూడదు.

పెద్ద బ్యాటరీల్ని కొద్దిమందికి ఇచ్చే బదులు అదే ఖనిజంతో ఎక్కువమందికి చిన్న బ్యాటరీలు ఇవ్వాలని టయోటా చాలాకాలంగా వాదిస్తోంది. ఒక దూరశ్రేణి విద్యుత్ కారుకు పట్టే ముడిపదార్థంతో ఆరు ప్లగిన్లు లేదా తొంభై హైబ్రిడ్లు చేయవచ్చని దాని లెక్క. హైబ్రిడ్లు అమ్ముకునే కంపెనీ మాట కాబట్టి దాన్ని తూచి తీసుకోవాలి. రేపు గ్రిడ్ శుభ్రపడే కొద్దీ పూర్తి విద్యుత్ కారు వాదన బలపడుతూ పోతుందన్నది ఆ లెక్కలో కనిపించదు. అయినా దాని వెనకున్న సూత్రం నిజమైనదే. బ్యాటరీ సామర్థ్యం విలువైన వనరు, పని లేకుండా పడి ఉండే ప్రతి యూనిట్ వృథా. ఆ వృథా మన డబ్బుతోనే జరుగుతుంది.

కాబట్టి షోరూమ్‌కు వెళ్లేముందు ఇంట్లో కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. రాత్రి బండి నిలిపే చోట మీ సొంత సాకెట్ ఉందా, లేక అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి కోసం ఎదురు చూడాలా? వారంలో ఎన్ని రోజులు మీ ప్రయాణం బ్యాటరీ పరిధిలోనే ముగుస్తుంది? మీ ఊళ్లో హైబ్రిడ్ ఒక గాలన్‌తోనో లీటరుతోనో పోయే దూరానికి కరెంటు ఎంత తక్కువకు వస్తోంది? మూడింటికీ మంచి జవాబులు ఉన్నవాళ్లకు ప్లగిన్ సరైన బండే, అయినా అమెరికాలో దాన్ని పొదుపు కోసం కాక శుభ్రత కోసం, ఆ అదనపు అశ్వశక్తి కోసం కొంటున్నామని తెలిసే కొనాలి. రెండిటికి మాత్రమే మంచి జవాబు ఉంటే మామూలు హైబ్రిడ్ తీసుకోండి. ఏడాదికి పదివేల కిలోమీటర్లు కూడా తిరగని ఇంటికి చవక కాంపాక్ట్ ఎస్‌యూవీ చాలు, మిగిలిన డబ్బును అప్పు తగ్గించుకోవడానికి వాడండి.